ఫిజియోథెరపీ చదవాలనుకుంటే ముందు తెలుసుకోవాల్సింది ఆ పని గురించి

ఫిజియోథెరపీ కోర్సులో చేరాలనుకునేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. జీతం బాగుంటుందా? వేరే దేశం వెళ్లొచ్చా? డాక్టర్ అనిపించుకుంటామా? మెడిసిన్ సీటు రాకపోతే దీంతో సరిపెట్టుకోవచ్చా? బతుకుతెరువు సంగతి ఎవరైనా చూసుకోవాల్సిందే కాబట్టి ఇవి అడగడంలో తప్పేం లేదు. అయితే వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న తరచూ మరుగున పడిపోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫిజియోథెరపిస్ట్ చేసే పనేమిటి? అందులో కష్టం ఎక్కడుంది, తృప్తి ఎక్కడుంది? ఇది తెలియకుండా చేరినవాళ్లలో కొందరు క్లినికల్ పోస్టింగులు, అంటే ఆస్పత్రిలో పేషెంట్ల దగ్గర శిక్షణ, మొదలవగానే నీరుగారిపోతారు. తాము ఊహించుకున్న పని వేరు, అక్కడ ఎదురైన పని వేరు.

ఫిజియో అనగానే బయటివాళ్లకు మసాజ్ చేసే మనిషో, కరెంటు మెషీన్ పెట్టే మనిషో, ఆట మధ్యలో బ్యాగు పట్టుకుని మైదానంలోకి పరిగెత్తే మనిషో గుర్తొస్తారు. మూడింట్లోనూ కొంత నిజముంది. కానీ అసలు పని వాటి వెనక ఉంది. ఎదుటి మనిషి కదలికలో ఏది చెడింది, ఎందుకు చెడింది, ఎంత శ్రమతో, ఎంత వేగంతో దాన్ని తిరిగి రప్పించవచ్చో తేల్చుకోవాలి. తేల్చుకున్నాక ఆ శ్రమను పేషెంట్ చేత చేయించాలి. నా దృష్టిలో ఈ వృత్తి కిటుకంతా ఆ చేయించడంలోనే ఉంది. సర్జన్ ఆపరేషన్ చేసేటప్పుడు పేషెంట్ మత్తులో ఉంటాడు. ఫిజియో దగ్గర పేషెంట్ మెలకువగా ఉండి, నొప్పి పడుతూ, భయపడుతూ, పని మొత్తం తనే చేయాలి. మీ తెలివితేటలన్నీ అవతలి మనిషి కండరాల్లోంచి, ఓపికలోంచి బయటపడాలి. ఈ సంగతి నచ్చినవాళ్లకు ఇంతకన్నా మంచి పని దొరకదు. నచ్చనివాళ్లకు ఎంత జీతమిచ్చినా రోజు గడవదు.

మసాజ్ ముద్ర ఎలా పడింది

1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ అనే ఆయన రాయల్ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జిమ్నాస్టిక్స్ పెట్టారు. వ్యాయామాన్ని చికిత్సగా ఒక పద్ధతి ప్రకారం నేర్పిన తొలి సంస్థల్లో అదొకటి. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి ఇంగ్లండ్‌లో మసాజ్ చేసే నర్సులకు పెద్ద చిక్కొచ్చి పడింది. మసాజ్ పేరుతో లండన్‌లో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్ హెచ్చరికలు రాసింది. నిజంగా వైద్యం చేస్తున్నవాళ్లకూ చెడ్డపేరు అంటుకుంది. అప్పుడు నలుగురు నర్సులు కలిసి 1894లో సొసైటీ ఆఫ్ ట్రెయిన్డ్ మాసూజెస్, అంటే శిక్షణ పొందిన మసాజ్ స్త్రీల సంఘం, ఏర్పాటు చేశారు. పరీక్ష పెట్టారు, నియమాలు రాశారు, శిక్షణ లేనివాళ్లను దూరం పెట్టారు. ఇప్పుడు బ్రిటన్‌లో ఉన్న చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అందులోంచి పెరిగిందే. అంటే చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ మధ్య గీత గీయాలన్న తాపత్రయం ఈ వృత్తికి పుట్టుకతోనే వచ్చింది. ఇప్పటికీ ఆ గీత చాలాచోట్ల చెరిగిపోతూనే ఉంటుంది.

ఆ తర్వాత వృత్తిని నిలబెట్టింది యుద్ధాలు, పోలియో. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు లేచి నడవడానికి, మళ్లీ ఏదో ఒక పని చేసుకోవడానికి సాయపడేందుకు అమెరికా సైన్యం కొందరు స్త్రీలకు శిక్షణ ఇచ్చి రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్ (పునర్నిర్మాణ సహాయకులు) అని పిలిచింది. వాళ్లలో ముఖ్యురాలైన మేరీ మెక్‌మిలన్ 1921లో ఏర్పడిన అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘానికి తొలి అధ్యక్షురాలు. పోలియో వచ్చిన పిల్లల్లో ఏ కండరం చచ్చుబడింది, ఏది కొద్దిగా మిగిలింది అని ఒక్కొక్కటిగా చూడాల్సి వచ్చింది. కండరం బలాన్ని అంకెల్లో రాసే అలవాటు అలాంటి అవసరాల వల్లే బలపడింది. ఇప్పుడు విద్యార్థులు మొదట్లోనే నేర్చుకునే పద్ధతిలో అది 0 నుంచి 5 దాకా ఉంటుంది. 0 అంటే కండరంలో చలనమే లేదు. 3 అంటే ఇంకెవరూ పట్టుకోకుండా, భూమ్యాకర్షణకు ఎదురుగా కాలో చెయ్యో ఎత్తగలగడం. 2 నుంచి 3కి చేరడమంటే కాగితం మీద ఒక్క అంకె మార్పు. పేషెంట్‌కి మాత్రం మంచం మీద నుంచి కాలు తనంతట తాను ఎత్తగలగడం.

1951లో కోపెన్‌హాగన్‌లో ఫిజియోథెరపిస్టుల ప్రపంచ సమాఖ్య ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు వరల్డ్ ఫిజియోథెరపీ. అది పుట్టిన రోజైన సెప్టెంబర్ 8నే ఏటా ఫిజియోథెరపీ దినంగా జరుపుకుంటున్నారు. 1976లో ఆస్ట్రేలియాలో డాక్టర్ చీటీ లేకుండానే పేషెంట్ నేరుగా ఫిజియో దగ్గరికి వెళ్లే వీలొచ్చింది. చెప్పినట్టు చేసే సహాయకుల స్థాయి నుంచి సొంతంగా నిర్ణయం తీసుకునే స్థాయికి రావడంలో అది పెద్ద మలుపు. అన్ని దేశాల్లోనూ ఈ హక్కు ఇప్పటికీ లేదు. ఉన్నచోట హక్కుతోపాటు బరువు కూడా పెరిగింది. ఆ బరువేమిటో ఒక మామూలు నడుం నొప్పి కేసులోనే కనిపిస్తుంది.

నడుం నొప్పితో ఒక మనిషి వస్తే

నలభై ఐదేళ్ల మనిషి, చేతిలో ఎంఆర్ఐ కవరు పట్టుకుని వచ్చాడనుకుందాం. కూర్చోగానే "డిస్క్ జారిందట" అంటాడు. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటి భాగం. ఫిజియో ఆ కవరు తెరవడానికి ముందే వినడం మొదలుపెడుతుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది? పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? మోకాలు దాటి కిందికి పాకుతోందా? దగ్గితే పెరుగుతుందా? ఇవన్నీ మామూలు ప్రశ్నల్లాగే వినిపిస్తాయి. మధ్యలో ఇంకో రకం ప్రశ్నలు వస్తాయి. తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినట్టుందా? మూత్రం పోయడంలో ఇబ్బందేమైనా వచ్చిందా? కారణం లేకుండా బరువు తగ్గారా? ఎప్పుడైనా క్యాన్సర్‌కి వైద్యం జరిగిందా? రాత్రిళ్లు జ్వరం వస్తోందా?

మొదటి రెండింటికి అవునని జవాబొస్తే అక్కడితో ఫిజియోథెరపీ ఆగిపోతుంది. వెన్నెముక చివర ఉన్న నరాల కట్ట నొక్కుకుపోతూ ఉండొచ్చు. అదే రోజు ఎమర్జెన్సీకి పంపాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. నడుం నొప్పితో వచ్చేవాళ్లలో ఇది చాలా అరుదు, కానీ ఆ అరుదైన మనిషి మిగతావాళ్లలాగే వచ్చి మీ ముందే కూర్చుంటాడు. వ్యాయామాలు నేర్పడానికి ఇంతింత అనాటమీ, ఇంత రోగనిర్ధారణ శాస్త్రం ఎందుకని మొదటి ఏడాది విద్యార్థులు విసుక్కుంటారు. ఇలాంటి ఒక్క పేషెంట్ కోసమైనా అదంతా చదవాల్సిందే.

ప్రమాద సూచనలేం లేవనుకుందాం. అప్పుడు నిలబెట్టి చూస్తుంది. ముందుకు వంగమంటుంది, వెనక్కి వంగమంటుంది. మునివేళ్ల మీద నడవమంటుంది, మడమల మీద నడవమంటుంది. కాలి బొటనవేలిని పైకి లేపి పట్టుకోమని తన చేత్తో కిందికి నొక్కుతుంది. మడమల మీద నిలబడలేకపోతే అనుమానం ఒక నరం మీదికి, మునివేళ్ల మీద లేవలేకపోతే ఇంకో నరం మీదికి వెళ్తుంది. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తితే నొప్పి ఎక్కడ, ఎంత ఎత్తులో వచ్చిందో రాసుకుంటుంది. అవసరమైతే అప్పుడు కవరు తెరుస్తుంది.

తెరిచాక ఏం కనిపించినా దాన్ని సరైన తూకంలో చూడాలి. నొప్పే లేనివాళ్లకు స్కాన్ తీసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క కడితే, ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు. కాబట్టి ఈయన రిపోర్టులో ఉన్న మాటే ఈయన నొప్పికి కారణమని చెప్పలేం. పరీక్షలో దొరికినదానితో రిపోర్టు సరిపోలాలి. ఇదంతా అయ్యేసరికి ఆ మనిషి అసలు భయం బయటికొస్తుంది. డిస్క్ జారిందన్నారు కాబట్టి ఈ మూడు నెలలూ వంగలేదు, పిల్లల్ని ఎత్తుకోలేదు, సగం రోజు పడుకునే ఉంటున్నాడు. నొప్పి కన్నా ఆ భయమే అతన్ని మంచానికి కట్టేసింది. ఇప్పుడు ఆ ఫిజియో ఏ మాటలతో మాట్లాడుతుందో అది కూడా చికిత్సలో భాగమే. "మీ వెన్ను బలహీనంగా ఉంది, జాగ్రత్త" అంటే అతను ఇంకో మూడు నెలలు పడుకుంటాడు. "మీ నరాలు బాగున్నాయి, బలం బాగుంది, వంగడం నెమ్మదిగా మళ్లీ మొదలుపెడదాం" అని, తన ముందే ఒకసారి వంగించి చూపిస్తే ఆ రోజే సగం పని అయినట్టు.

2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేసే కారణాల్లో అదే మొదటిది. ఏ దేశంలో క్లినిక్ పెట్టినా మీ కుర్చీలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. ఈ కేసులు చప్పగా అనిపిస్తే ఆ రంగంలో మీకు ఊపిరాడదు.

మోతాదు తెలిసినవాడే ఫిజియో

మందుకు మోతాదు ఉన్నట్టే కదలికకూ మోతాదు ఉంటుంది. ఎక్కువైతే హాని, తక్కువైతే దండగ. పక్షవాతం వచ్చిన మనిషిని ఎంత త్వరగా లేపితే అంత మంచిదని వైద్యులు చాలాకాలం నమ్మారు. జూలీ బెర్న్‌హార్డ్ అనే ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్ట్ నాయకత్వంలో 5 దేశాల్లో, 56 ఆస్పత్రుల్లో, 2,104 మంది పేషెంట్ల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. పేరు అవర్ట్. ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి, మామూలుకన్నా ఎక్కువసార్లు మంచం దింపిన వర్గంలో, మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్ల శాతం మామూలు చికిత్స పొందినవాళ్లకంటే తక్కువగా తేలింది. త్వరగా లేపాలన్న ఆలోచన మొత్తం తప్పని దీని అర్థం కాదు. మామూలు చికిత్స వర్గంలోనూ చాలామందిని మొదటి రోజుల్లోనే లేపారు. తేడా మోతాదులో వచ్చింది. నాకు ఈ పరీక్ష ఇంకో కారణంగా కూడా ఇష్టం. తమ వృత్తి ఎంతో ఇష్టంగా నమ్మిన విషయాన్ని ఆ వృత్తివాళ్లే పరీక్షకు పెట్టి, వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించారు. పరిశోధన వైపు వెళ్లాలనుకునే విద్యార్థికి ఇంతకన్నా మంచి నమూనా లేదు.

రెండోవైపు, పడుకోబెట్టి ఉంచడంలో నష్టం కూడా తక్కువేం కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్లను పది రోజులు మంచం మీద ఉంచి చూసిన ఒక అధ్యయనంలో కాళ్లలోంచే దాదాపు ఒక కిలో కండ తగ్గింది. వాళ్లకు జబ్బే లేదు. ఇక ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ ఫిజియో ఊపిరితిత్తుల్లోంచి కఫం బయటికి రప్పిస్తుంది, వీలైన రోజే మంచం అంచున కూర్చోబెడుతుంది. ట్యూబులు, వైర్లు లాగకుండా ఒక మనిషిని కూర్చోబెట్టడానికి ఇద్దరో ముగ్గురో కావాలి. ఒక కన్ను మానిటర్ మీద ఉంచాలి. ఆక్సిజన్ పడిపోతే వెంటనే పడుకోబెట్టాలి. ఆ నిర్ణయం సెకన్లలో తీసుకోవాలి.

మోకాలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) ఆపరేషన్ అయిన ఆటగాడి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. నాలుగో నెలకే నొప్పి పోతుంది, నడక బాగుంటుంది, ఆడేస్తానంటాడు. కానీ కొత్త లిగమెంట్ గట్టిపడడానికి, తొడ కండరం రెండో కాలితో సమానం కావడానికి ఎంతో సమయం పడుతుంది. అందుకే సాధారణంగా 9 నెలల లోపు తిరిగి ఆటలోకి దింపొద్దంటారు. కోచ్ తొందరపెడతాడు, ఇంట్లోవాళ్లు తొందరపెడతారు, పిల్లాడు బతిమాలుతాడు. ఇక్కడ ఫిజియో పని అతన్ని ఆపడం. స్పోర్ట్స్ ఫిజియో అంటే టీవీలో కనిపించే హడావుడి అనుకునేవాళ్లకు ఈ నెలల తరబడి ఆపడం ఎవరూ చెప్పరు.

కాలు ఎత్తండి అంటే కాలు లేవదు

మోకీలు మార్పిడి జరిగిన మర్నాడు పెద్దాయన మంచం మీద ఉన్నాడు. కాలు నిటారుగా ఎత్తమంటే ఎత్తలేకపోతున్నాడు. ముఖం పాలిపోయింది. నరం తెగిపోయిందేమోనని ఆయన భయం. జరిగింది అది కాదు. మోకాలి చుట్టూ వాపొస్తే, నొప్పొస్తే తొడ ముందరి కండరానికి వెళ్లే ఆదేశాన్ని శరీరమే తగ్గించేస్తుంది. కండరం ఉంది, నరం ఉంది, పిలుపు అందడం లేదు. మోకాలి కింద చుట్టిన టవల్ పెడతారు. దాన్ని కిందికి నొక్కమంటారు. ఫిజియో చెయ్యి మోకాలి చిప్ప పైన ఉంటుంది. మొదటిసారి ఏమీ తెలియదు. పాదాన్ని తనవైపు లాక్కుని మళ్లీ నొక్కమంటారు. రెండోసారో, ఐదోసారో చెయ్యి కింద చిన్న బిగింపు తగులుతుంది. అప్పుడు ఆయన చెయ్యి తీసుకుని అక్కడే పెడతారు, "ఇదిగో, మీ కండరమే, చూడండి" అని. ఆయన నొక్కుతాడు, బిగింపు ఆయన చేతికే తెలుస్తుంది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే గంటకోసారి చేస్తాడు.

ఇందులో యంత్రం లేదు, గొప్ప టెక్నిక్ లేదు. ఎందుకు కాలు లేవడం లేదో తెలియడం, ఆ తెలిసిన సంగతిని ఆయన భయం పోయేలా చూపించడం, అంతే. ఇంటికి పంపేటప్పుడు ఎనిమిది వ్యాయామాల కాగితం ఇవ్వడం తేలిక. ఆయన ఇంట్లో ఎన్ని నిజంగా చేస్తాడో ఆలోచించి రెండే ఇవ్వడం కష్టం. చదువులో ఈ భాగానికి మార్కులుండవు, ఉద్యోగంలో దీని మీదే అంతా ఆధారపడుతుంది. మాట్లాడడం ఇబ్బందిగా ఉండేవాళ్లు ఈ వృత్తికి పనికిరారని నేననను. వినే ఓపిక ఉంటే చాలు, మాట అలవాటవుతుంది. మనుషులంటేనే చిరాకు ఉన్నవాళ్లకు మాత్రం ఇది వద్దు.

మెషీన్ల ప్రశ్న

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల్ని ఎక్కువగా కుంగదీసేది ఇదే. కాలేజీలో రుజువుల ఆధారంగా చికిత్స చేయాలని నేర్పుతారు. క్లినిక్‌లో చేరితే వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కన ఒక కరెంటు మెషీన్, పావుగంట తర్వాత బెల్లు. ఒక్క మనిషి ఒకేసారి నలుగురైదుగురు పేషెంట్లను చూడొచ్చు. యజమానికి లాభం, పేషెంట్‌కీ ఏదో జరిగినట్టుంటుంది. కానీ బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాల చికిత్స), టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ (ఈ రెండూ కరెంటు చికిత్సలు), ట్రాక్షన్ (వెన్నును సాగదీయడం) ఇవ్వొద్దని స్పష్టంగా చెప్పింది. వ్యాయామాన్ని ముందు ఆలోచించమంది.

మెషీన్లన్నీ బూటకమని చెప్పడం కూడా తొందరపాటే. పక్షవాతం తర్వాత పాదం పైకి లేవనివాళ్లకు నడిచేటప్పుడు కరెంటుతో ఆ కండరాన్ని కదిలించే పరికరం నిజంగా ఉపయోగపడుతుంది. ఆపరేషన్ తర్వాత బలం రాని తొడ కండరానికి వ్యాయామంతోపాటు కరెంటు తోడైతే లాభం ఉందని అధ్యయనాలున్నాయి. ఏ మెషీన్ దేనికి అన్నది తేల్చుకోవాలంటే చదవాలి. సిడ్నీలో 1999లో మొదలైన పెడ్రో అనే ఉచిత డేటాబేస్‌లో ఫిజియోథెరపీ చికిత్సల మీద జరిగిన వేలాది పరీక్షల వివరాలు, ఒక్కోదాని నాణ్యతకు వేసిన మార్కులతో సహా దొరుకుతాయి. వారానికి ఒకటి చదివే అలవాటు చేసుకున్న విద్యార్థికి, ఉద్యోగంలో బెల్లు మోగే గదిలో కూడా తన పేషెంట్‌కి ఏం ఇవ్వాలో తెలుస్తుంది. మొదటి ఉద్యోగాన్ని జీతం చూసి కాక, ఒక్కో పేషెంట్‌కి ఎన్ని నిమిషాలిస్తారో అడిగి ఎంచుకోమని నేను చెప్తాను. అక్కడ నేర్చుకున్న పద్ధతి చాలా ఏళ్లు చేతిని వదలదు.

శాఖలు, వాటి స్వభావాలు

కీళ్లు, కండరాలు అందరికీ తెలిసిన శాఖ. అంతగా తెలియనివాటిలో కొన్ని ఎంతో బాగుంటాయి. కటి కండరాల శాఖనే తీసుకోండి, అంటే మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాల శాఖ. దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోతోందని చాలామంది స్త్రీలు ఎవరికీ చెప్పుకోరు, ప్రసవం తర్వాత ఇంతేనని సర్దుకుపోతారు. దీనికి మొదటి చికిత్సగా కనీసం మూడు నెలలు, సరైన పర్యవేక్షణలో కటి కండరాల వ్యాయామం చేయించాలని మార్గదర్శకాలు చెప్తాయి. చాలామందికి ఆపరేషన్ దాకా వెళ్లే పనే ఉండదు. సిగ్గుతో ఏళ్ల తరబడి బయటికి వెళ్లడమే మానేసిన మనిషి మళ్లీ ధైర్యంగా తిరగడం చూసే భాగ్యం ఈ శాఖవాళ్లది.

కళ్లు తిరగడం మీద పనిచేసేవాళ్లు కొందరున్నారు. లోపలి చెవిలో సన్నని స్ఫటికాలు చోటు తప్పితే, పక్కకి తిరిగి పడుకోగానే గది గిర్రున తిరుగుతుంది. తలను ఒక వరసలో తిప్పే ఎప్లీ పద్ధతితో కొన్ని నిమిషాల్లోనే వాటిని తిరిగి చోటికి చేర్చవచ్చు. ఈ వృత్తిలో అంత త్వరగా ఫలితం కనిపించే చోటు ఇంకోటి దాదాపు లేదు. దానికి అవతలి కొసన నరాల శాఖ ఉంటుంది. పక్షవాతం, వెన్నుపాము గాయం, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లతో నెలలు, ఏళ్లు గడపాలి. ఒక చెయ్యి గ్లాసు పట్టుకోవడానికి వేలసార్లు ప్రయత్నం కావాలి, ఆ తర్వాత కూడా పట్టుకుంటుందన్న హామీ లేదు. పార్కిన్సన్స్‌లో జబ్బు ముదురుతూనే ఉంటుంది, ఈ ఏడాది చేసింది వచ్చే ఏడాది చేయలేకపోవచ్చు. కోలుకోవడమే గెలుపని లెక్కపెట్టేవాళ్లు ఇక్కడ త్వరగా అలిసిపోతారు. ఉన్నదాన్ని నిలబెట్టడం కూడా పనేనని ఒప్పుకోగలిగినవాళ్లే నిలుస్తారు.

పిల్లల శాఖలో ఆట పేరుతో పని చేయిస్తారు, తల్లిదండ్రులకే ఎక్కువ నేర్పుతారు. గుండె, ఊపిరితిత్తుల శాఖలో ఆరు నిమిషాల్లో మనిషి ఎంత దూరం నడవగలిగాడో కొలుస్తారు. వృద్ధుల శాఖలో పడిపోకుండా చూడడమే పెద్ద పని. చదువు పూర్తికాకముందే ఏ శాఖో తేల్చుకోనక్కర్లేదు. రెండు మూడేళ్లు అన్నిట్లో తిరిగాక తేల్చుకున్నవాళ్లే నయం.

చదువు, లైసెన్సు, దేశం మారడం

ఇక్కడ అందరూ చిక్కుపడతారు, ఎందుకంటే డిగ్రీ వేరు, ప్రాక్టీసు చేసే అనుమతి వేరు. డిగ్రీ యూనివర్సిటీ ఇస్తుంది. అనుమతి ఆ దేశపు నియంత్రణ సంస్థ ఇస్తుంది. ఒక చోట చెల్లిన డిగ్రీ ఇంకోచోట దానంతటదే చెల్లదు.

బ్రిటన్‌లో చాలావరకు మూడేళ్ల డిగ్రీ, అందులో దాదాపు 1,000 గంటల క్లినికల్ శిక్షణ. హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో నమోదు కాకుండా ఫిజియోథెరపిస్ట్ అని చెప్పుకోవడమే అక్కడ నేరం. ఆస్ట్రేలియాలో నాలుగేళ్ల డిగ్రీతోనో, వేరే డిగ్రీ తర్వాత రెండేళ్ల మాస్టర్స్‌తోనో ఈ వృత్తిలోకి రావొచ్చు. అమెరికాలో ముందు ఒక డిగ్రీ చేసి, ఆ తర్వాత సుమారు మూడేళ్ల డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చేయాలి. తర్వాత జాతీయ పరీక్ష, ఆపైన పనిచేసే రాష్ట్రపు లైసెన్సు. భారతదేశంలో చాలాకాలం ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల కోర్సు నడిచింది. 2021లో వచ్చిన చట్టం ఈ వృత్తితోపాటు మరికొన్ని వైద్య అనుబంధ వృత్తులకు జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. నియమాలు మారుతూ ఉండే కాలం కాబట్టి చేరే ఏడాది నియమాన్ని కమిషన్ దగ్గరే చూసుకోవాలి, ఏజెంట్ మాట మీద వెళ్లకూడదు.

ఒక దేశం నుంచి ఇంకో దేశం వెళ్లేవాళ్ల చదువును అక్కడి సంస్థ సబ్జెక్టుల వారీగా తమ కోర్సుతో పోల్చి చూస్తుంది. ఏ సబ్జెక్టులో ఎన్ని గంటలు, ఏ శాఖలో ఎన్ని గంటల క్లినికల్ పని, ఎవరి పర్యవేక్షణలో అని కాగితాలు అడుగుతుంది. చదువైపోయిన ఎన్నో ఏళ్లకు కాలేజీ చుట్టూ తిరిగి ఆ కాగితాలు తెచ్చుకోవడం నరకం. అందుకే మొదటి పోస్టింగు నుంచే లాగ్‌బుక్ పద్ధతిగా రాసుకోవాలి. సిలబస్ కాపీ, పోస్టింగుల వివరాలు చదువు ముగిసే రోజుకే చేతిలో ఉండాలి. బయటికి వెళ్లే ఉద్దేశం లేనివాళ్లు కూడా దాచుకుంటే మంచిది, ఉద్దేశాలు మారుతుంటాయి.

డాక్టర్ బిరుదు గొడవ గురించి ఒక్క మాట. అమెరికాలో డిగ్రీ పేరులోనే డాక్టర్ ఉంది, చాలా దేశాల్లో లేదు, కొన్నిచోట్ల వివాదం నడుస్తోంది. ఏ దేశంలో ఉంటే అక్కడి చట్టం ప్రకారం నడుచుకోవాలి. ఆ బిరుదు కోసమే ఈ చదువు అనుకునేవాళ్లు మాత్రం చేరకపోవడమే మేలు. మెడిసిన్ దక్కలేదన్న బాధతో చేరి, ఆ బాధను చివరిదాకా మోసేవాళ్ల దగ్గర పేషెంట్ కూడా సంతోషంగా ఉండడు.

డబ్బు, ఒళ్లు

మొదటి ఏళ్లలో జీతాలు చదివిన చదువుకు తగ్గట్టు ఉండవన్న ఫిర్యాదు చాలా దేశాల్లో వినిపిస్తుంది, అందులో న్యాయం ఉంది. ఆస్పత్రి ఉద్యోగంలో స్థిరత్వం, నేర్చుకునే అవకాశం ఎక్కువ. సొంత క్లినిక్‌లో రాబడి పెరగొచ్చు, కానీ అద్దె, సిబ్బంది, పేషెంట్లు రాని నెలల టెన్షన్ అన్నీ మీవే. పైగా ఒక నైతిక చిక్కు ఉంది. పేషెంట్ త్వరగా బాగైతే మీ రాబడి తగ్గుతుంది. పది సెషన్ల ప్యాకేజీ అమ్మినవాడు ఆరో సెషన్‌కి బాగైన మనిషిని ఇంటికి పంపగలగాలి. అలా పంపినవాళ్ల క్లినిక్‌లు మాట మీద నిలబడతాయని నేను నమ్ముతాను, కానీ మొదటి రెండేళ్లు అది నమ్మడం కష్టం.

అవసరం మాత్రం తగ్గేది కాదు. 2019లో ప్రపంచంలో 240 కోట్ల మందికి, అంటే ముగ్గురిలో ఒకరికి, పునరావాస చికిత్సతో మేలు జరిగే సమస్య ఏదో ఒకటి ఉందని లెక్కగట్టారు. కొన్ని పేద, మధ్యస్థాయి దేశాల్లో అవసరమున్నవాళ్లలో సగంమందికి పైగా అది అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఫోన్ కెమెరాతో వ్యాయామం సరిచూసే యాప్‌లు వచ్చాయి, ఇంకా వస్తాయి. ఇంట్లో చేసే వ్యాయామాలు లెక్కపెట్టడానికి అవి బాగానే పనికొస్తాయి. చెయ్యి కింద బిగింపు తగిలిందో లేదో అవి చెప్పలేవు.

ఒంటి సంగతి చాలామంది ముందు ఆలోచించరు. బరువైన మనుషుల్ని లేపడం, గంటల తరబడి నిలబడి వంగి పనిచేయడం, బొటనవేళ్లతో నొక్కడం వల్ల ఫిజియోలకు నడుం, మెడ, బొటనవేళ్ల నొప్పులు సర్వసాధారణం. పడకను నడుం ఎత్తుకి పెంచుకోవడం, లేపేటప్పుడు బెల్టు, రెండో మనిషి సాయం అడగడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. ఒక్కణ్నే లేపేస్తానన్న పౌరుషం ఇద్దరికీ ప్రమాదం.

చేరేముందు వీలైతే కొన్ని రోజులు ఒక ఆస్పత్రి ఫిజియో విభాగంలో అనుమతి తీసుకుని ఒక మూల నిలబడి చూడండి. మోకాలి కేసులతోపాటు పక్షవాతం వార్డు కూడా చూడండి. ఒకే పేషెంట్‌ని వేర్వేరు రోజుల్లో చూసే వీలుంటే మరీ మంచిది, పని ఎంత నెమ్మదో అప్పుడే తెలుస్తుంది. కాలేజీ వాళ్లను హాస్టల్ గురించి అడిగే ముందు ఇవి అడగండి: క్లినికల్ పోస్టింగులు ఏ ఆస్పత్రిలో? రోజుకి ఎంతమంది పేషెంట్లు వస్తారు? ఒక్కో సీనియర్ దగ్గర ఎంతమంది విద్యార్థులుంటారు? ఐసీయూలోకి పంపుతారా? ఈ కోర్సుకు నియంత్రణ సంస్థ గుర్తింపు ఉన్నట్టు కాగితం చూపిస్తారా? చివరి ప్రశ్నకు నోటిమాటగా జవాబిచ్చే కాలేజీలో ఫీజు కట్టకండి.